పాత కేబిన్ ఇచ్చిన నంబరు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళను ఆటపట్టించడంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్ళు లేరు. నరసరావుపేటలో మా ఇంటి వెనకే సమాధులుండేవి. ఆ ప్రహరీ గోడ మీద కూర్చునే పరీక్షలకు చదువుకున్నాను. కింద రాసింది చదివి నన్ను పిరికిదాన్ని అనుకోవద్దని ఇదంతా ముందే చెబుతున్నాను.

నేను స్టేషన్ మాస్టర్ని. మూడేళ్ళ కిందట మాచర్ల వైపు ఒక చిన్న స్టేషన్‌లో పని చేశాను. ప్లాట్‌ఫారం చివర రెండంతస్తుల పాత సిగ్నల్ కేబిన్ ఉండేది. పట్టాలు మార్చే మా పాయింట్స్‌మన్ ఏసుపాదం అన్న వయసులో ఉండగా అందులో సిగ్నళ్ళను కదిలించే ఇనప లీవర్లు లాగేవాడు. చెమట చెయ్యి తగిలితే ఇనుము తుప్పు పడుతుందని పాతగుడ్డ చుట్టి పట్టుకునేవాళ్ళట. నేను వెళ్ళేసరికి సిగ్నళ్ళన్నీ నా గదిలోని బటన్లకు మారిపోయాయి. కేబిన్‌కు తాళం పడింది, లోపల పావురాలు చేరాయి. నా గది గోడకు మాత్రం కేబిన్‌తో మాట్లాడే పాత ఫోను పెట్టె మిగిలిపోయింది. దాన్ని తిప్పే పిడికి నా అన్నం బ్యాగు తగిలించేదాన్ని.

స్టేషన్‌కు అర కిలోమీటరు దూరంలో, రోడ్డు పట్టాలు దాటే చోట ఒక గేటు. గేట్‌మన్ మస్తాన్ బాబాయ్. ఆ గేటుకూ సిగ్నల్‌కూ లంకె లేదు, గేటు తీసి ఉన్నా బండికి దారిచ్చే సిగ్నల్ పడిపోతుంది. అందుకని ఒక పద్ధతి ఉంది. ఆయన గేటు వేసి, తన దగ్గరున్న, వరస లేని అంకెల అచ్చు కాగితంలోంచి పైనుంచి కిందికి ఒక్కో నంబరు ఫోనులో చెప్పి, దాన్ని కాగితం మీద కొట్టేస్తాడు. నేను దాన్ని రిజిస్టర్‌లో రాసుకుని అప్పుడు సిగ్నల్ ఇస్తాను. ఆ కాగితం ఆయన తప్ప ఎవరూ చూడరు. ఒకసారి చెప్పిన నంబరు మళ్ళీ వాడరు కాబట్టి, మాట గేటు నుంచే వచ్చిందనడానికి ఆ నంబరే రుజువు.

అది మిరపకాయల కోతల కాలం, రంజాన్ నెల. పన్నెండు గంటల బండికి గేటు వేసినప్పుడు బాబాయ్ గొంతు నీరసంగా ఉంది.

"రోజా మీదున్నానమ్మాయ్, కళ్ళు తిరుగుతున్నయ్. రెండింటి గూడ్సుకి గూడా నంబరు ఇప్పుడే రాసుకో. టైముకి గేటేస్తాలే."

ముందుగా నంబరు తీసుకోకూడదు. తెలిసీ, ఆయన చెప్పిన ముప్పై నాలుగు రాసుకున్నాను. జాలిపడ్డానని చెప్పుకోవచ్చు గానీ, నాకూ ఒక ఫోను తప్పుతుందనే రాసుకున్నాను.

రెండు కావస్తుండగా గూడ్సు దగ్గరికొచ్చింది. బటన్ మీద వేలు పెట్టాను. గోడ మీది కేబిన్ ఫోను మోగింది.

బ్యాగు తీసి పక్కన పెట్టి రిసీవరు ఎత్తాను. అలా ఎందుకు ఎత్తానో ఇప్పటికీ తెలియదు.

"కేబిన్," అంది ఒక మగ గొంతు, మెల్లగా, పని మధ్యలో ఉన్నట్టు. "గేటు తీసే ఉందమ్మా. బండిని రానీమాక."

అలవాటుగా నంబరు అడిగాను.

"అరవై ఒకటి."

అలవాటుగానే రాసుకున్నాను, టైముతో సహా. ఫోను పెట్టేశాక చూస్తే, పెట్టె కింద వైరు ఎప్పుడో కత్తిరించి టేపు చుట్టి ఉంది. ఏసుపాదం అన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"కేబిన్ ఫోను మోగిందేంది మేడమ్?" అన్నాడు.

ఆయన కూడా విన్నాడు కాబట్టే ఇది రాస్తున్నాను.

గేటుకు ఫోను చేశాను. ఎత్తలేదు. సిగ్నల్ ఇవ్వలేదు, గూడ్సు గేటు అవతలే సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. ఏసుపాదం అన్న బైకేసుకుని గేటుకు పోయాడు. ఆ పావుగంట నేను కూర్చోలేకపోయాను.

గేటు నిజంగానే తీసి ఉంది. పట్టాల మధ్య ఒక ట్రాక్టర్ ఆగిపోయి ఉంది. వెనక ట్రక్కులో కోతకు వెళ్ళొస్తున్న ఆడవాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. కొందరు దిగి తోస్తున్నారు, పసిపిల్లలున్నవాళ్ళు పైనే ఉన్నారు. మస్తాన్ బాబాయ్ గేటు గదిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఆడవాళ్ళే ఆయన మొహాన నీళ్ళు చల్లి, చక్కెర నీళ్ళు తాగించి కూర్చోబెట్టారు.

ట్రాక్టర్‌ను తోసేసి, గేటు వేసి, ఏసుపాదం అన్న అక్కడి నుంచి ఫోను చేశాడు. గూడ్సును వదలాలంటే మళ్ళీ నంబరు కావాలి. బాబాయ్ దగ్గరి కాగితం చూసి, కొట్టేయకుండా ఉన్న మొదటి నంబరు అన్నే చదివాడు.

"అరవై ఒకటి, మేడమ్."

రిజిస్టర్ వంక చూశాను. అది నా చేతిరాతే.

"అది అయిపోయిందన్నా," అన్నాను. "కొట్టేసి, కిందది చెప్పు."

అవతల కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు వినిపించింది.

విచారణలో, ముందుగానే నంబరు రాసుకున్న సంగతి నేనూ బాబాయ్ ఒప్పుకున్నాం. ఇద్దరికీ శిక్ష పడింది, పడాల్సిందే. అరవై ఒకటి ఎవరిచ్చారని ఆఫీసరు అడిగారు. తెలియదన్నాను. మరి ఎందుకు నమ్మావమ్మా అన్నారు. నంబరు చెప్పారు సార్, అన్నాను.