చేతికెంత వస్తది?

మా నాయిన కొండాపూర్ నుంచి మేకల్ని తోలుకపోయి సంతల అమ్మేటోడు. దళారి ఎంత పెద్ద ధర చెప్పినా నమ్మేటోడు కాదు. "అన్ని పోంగ నా చేతికెంత వస్తది?" అని ఒక్కటే అడిగేటోడు. ఆ అడుగుడు నాకు జర్మనీల అక్కరకొచ్చింది.

డెబ్బైలల్ల నేను బాలానగర్ల ఒక ఫ్యాక్టరీల మిల్లింగు మిషన్ నడిపేటోణ్ణి. కొత్త మిషన్ పని నేర్చుకోమని నన్నూ, కాకినాడ దిక్కు నుంచి వచ్చిన ఇంకో ఆపరేటర్‌నూ మూడు నెలలు అక్కడికి తోలిండ్రు. ఖర్చులకు డాలర్ల ట్రావెలర్స్ చెక్కులిచ్చిండ్రు. సంతకం చేసిస్తె అక్కడి పైసలు, మార్కులంటరు, అవి ఇస్తరు. నా ఫికరంతా ఒక్కటే. కాన్పు తర్వాత జ్వరమొచ్చి నా పెండ్లానికి చెవులు మందమైనయి. బిడ్డ మాటలు నేర్చింది గని ఆ ముద్దుమాట ఒక్కటి తల్లి చెవిన పడలే. వినికిడి మిషన్ లేకుండ ఇల్లు చేరొద్దని ఒట్టు పెట్టుకున్న. దుకాణంకు పోయి దాని ధర సుత అడిగొచ్చిన.

నాతోని వచ్చిన ఆ కాకినాడ మావోడు ప్రతి శనివారం మేం దిగిన హోటల్ కౌంటర్ల చెక్కులు ఇన్ని ఇన్ని మార్చుకునేటోడు. "కమీషన్ లేదని బోర్డు పెట్టారు కదండీ, ఇంకెక్కడికెళ్తాం?" అనేటోడు. నేను ఒక్క చెక్కు తియ్యలే. ఫ్యాక్టరీల పెట్టింది తిని, ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పొడి బ్రెడ్డుకు అద్దుకొని గడిపిన.

వాపసొచ్చే ముందు చెక్కులన్ని ఆ కౌంటర్ మీద పెట్టి, అరచెయ్యి చాపి "ఇన్ మై హ్యాండ్, హౌ మచ్?" అన్న. అక్కడున్నామె కాగితం మీద రాసి చూపిచ్చింది. వినికిడి మిషన్‌కు చాలవు. కమీషన్ లేదన్నది నిజమే, కని డాలర్‌కు మార్కులు తక్కువిచ్చి రేటుల్నే గుంజుకుంటున్నరు. దొంగ ముఖాలు. చెక్కులు జేబుల కుక్కుకొని బ్యాంకుకు ఉరికిన. "అక్కడ ఫీజు పట్టుకుంటారండీ" అనుకుంట మావోడు ఎనక ఉరికొచ్చిండు.

బ్యాంకుల సుత అట్లనే చెయ్యి చాపిన. ఫీజు ఉంది. కని అన్ని చెక్కులు ఒక్కపారి మారిస్తె ఒక్కటే ఫీజంట, రేటు మస్తు నయం. బ్యాంకాయన రాసిన లెక్క చూస్తె మిషన్ కొన్నంక ఇంక మిగులుతున్నయి. మేకలకు మంచి ధర రాబట్టుకొచ్చిన మా నాయిన లెక్క ఛాతి ఇరుచుకొని బయటికొచ్చిన. మావోడు మిగిలిన చెక్కులు అక్కడ్నే మార్చి, "మూణ్ణెల్లూ హోటలోడు నన్ను నున్నగా గొరిగాడండీ" అని నవ్విండు. మిగిలిన పైసలతోని నేను మిషన్‌కు బ్యాటరీలు కొన్న.

ఇంటికొచ్చినంక అరుగు మీద కూసోబెట్టి ఆమె చెవికి మిషన్ పెట్టిన. మీట తిప్పి, అలవాటు కొద్ది చెవికాడ నోరు పెట్టి "వినపడుతుందా?" అని అరిచిన.

ఆమె ఉలిక్కిపడి నన్ను దూరం నూకింది.

"ఎందుకట్ల ఒర్లుతున్నవ్? జర ఊకో," అన్నది. "బిడ్డ ఏదో చెప్తుంది."