వల విసిరే బొమ్మ

ఇరవై ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

విజయవాడలో డిగ్రీ చదివే రోజుల్లో నాకూ, నా స్నేహితుడు రాంబాబుకూ ఒకటే పిచ్చి. గవర్నర్‌పేటలో వీడియో గేమ్ షాపులో ఆడిన పాత ఫైటింగ్ గేమ్‌ను, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే ఆ గేమ్‌ను, కంప్యూటర్లో మళ్ళీ మేమే తయారు చేయాలని. ప్రోగ్రాం నాది. బొమ్మలు వాడివి. ఒక్క గుద్దు కదిలినట్టు కనిపించాలంటే ఐదారు బొమ్మలు కావాలి. నాకు తిన్నగా గీత గీయడం కూడా రాదు.

పాత గేమ్‌లో లేని ఒక యోధుణ్ణి చేర్చింది వాడే. వల విసిరి ఎదుటివాణ్ణి చుట్టేసే జాలరి. రాంబాబు వాళ్ళది కొల్లేటి పక్క ఊరు, చేపలు పట్టే కుటుంబం. ఒక ఆదివారం వాళ్ళ నాన్నను గట్టు మీద నిలబెట్టి, వల భుజాన వేసుకోవడం దగ్గర్నుంచి అది గొడుగులా విచ్చుకునేదాకా, ఎక్కడికక్కడ ఆపించి గీసుకున్నాడు. పద్దెనిమిది బొమ్మలు. చేతులు లాగేస్తున్నా ఆయన నవ్వుతూనే నిలబడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను. వాళ్ళింట్లో చేపల పులుసు తిన్నాను.

గేమ్‌ను ఇంటర్నెట్‌లో పెట్టింది నేను. పేర్లు వచ్చేచోట నా పేరొక్కటే ఉంచాను. ఎందుకు? వాడి పేరు తర్వాత చేరుద్దామనుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే.

అది చూసి హైదరాబాద్‌లో ఒక గేమ్‌ల కంపెనీ పిలిచింది. వల విసరడం ఇంత సహజంగా ఎలా గీశారని అడిగారు. మా నాన్నను చూసి, అన్నాను. మా నాన్న లెక్కల మాస్టారు. ఏనాడూ వల ముట్టుకోలేదు. స్నేహితుడి బొమ్మలతో ఆగానా? వాడి తండ్రిని కూడా కాజేశాను.

అక్కడే ప్రోగ్రాంలు రాసే ఉద్యోగంలో చేరాను. ఏడాది తర్వాత రాంబాబు అదే కంపెనీకి అప్లై చేశాడు. నా సిఫార్సు వద్దనుకున్నాడేమో, నాకు చెప్పలేదు. ఆ పెన్సిల్ బొమ్మలే పంపాడు. ఎవరో మీవి కాపీ కొట్టాడండీ, అంటూ మేనేజర్ వాటిని నా బల్ల మీద పెట్టాడు. పక్కన వాడి చేతిరాత. నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది. అవునండీ, నావే, అన్నాను.

వారానికి వాడు ఫోన్ చేశాడు.

"కాపీ కొట్టానన్నార్రా నన్ను! మా నాన్నని చూసి గీశానని నువ్వొక్కసారి చెప్పరా వాళ్ళకి. నువ్వూ గట్టు మీదే ఉన్నావుగా."

"చెప్తాలేరా."

"నువ్వు చెప్తే వింటార్లే."

చెప్పలేదు. మరో రెండుసార్లు చేశాడు. తర్వాత మానేశాడు. బొమ్మలు కూడా మానేశాడని, హనుమాన్ జంక్షన్లో చేపల లారీలకు ఐస్ ఎక్కిస్తున్నాడని విన్నాను. వాళ్ళ నాన్న పోయాడని తెలిసినా వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? వాడికి సంగతి తెలిసే ఊరుకున్నాడా, లేక తెలియక ఇంకా నా మాట కోసమే చూశాడా? ఏది నిజమైనా నేను తట్టుకోలేను.

క్షమించమని అడగను. వాడి చేతికి ఆ బొమ్మల పని నేను తిరిగి తెచ్చివ్వలేను. ఆ బొమ్మలు గీసింది రాంబాబు. దొంగను నేను. ఇన్నేళ్ళకు ఈ రెండు ముక్కలు నా చేత్తో రాశాక ఏడుపొచ్చింది, గుండె కాస్త తేలికపడింది. అలా తేలికపడినందుకు కూడా సిగ్గుగానే ఉంది.