మేడమ్ మానుకున్న నడక

మా ట్రైనింగ్ మేడమ్ పోయారని ఆఫీసు గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను క్యాబ్‌లో ఉన్నాను. కొండాపూర్ దగ్గర బండ్లు కదలడం లేదు. ఆదివారం సాయంత్రం ఇంట్లోనే గుండెపోటు వచ్చిందట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. ఒకరి తర్వాత ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెడుతున్నారు. నేను పెట్టలేకపోయాను. ఫోన్ బ్యాగులో పడేసి ఆఫీసు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆమెకు యాభై దాటాయి. కోస్తా నుంచి పెళ్ళి చేసుకుని వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డారు. ఏవో కాలేజీల్లో పాఠాలు చెప్పి, తర్వాత మా ఆఫీసులో చేరారు. బోర్డు మీద రాసేటప్పుడు మార్కర్ మూతను పళ్ళతో పట్టుకుని అలాగే మాట్లాడేవారు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మేం నవ్వితే, మూత తీసి, "అర్థం కాకపోయినా నవ్వొచ్చిందిగా, సగం పాఠం అయిపోయినట్టే" అనేవారు. పని బాగా చేస్తే పేరు పెట్టి పిలిచేవారు. తప్పు చేస్తే "ఏం నాయనా" అనేవారు. ఆ నాయనా అంటే మాకు హడల్.

మా ఆఫీసు ఒక అమెరికా కంపెనీకి ఇక్కడి నుంచి పని చేస్తుంది. అక్కడి దుకాణాల్లో కొన్నవాళ్ళు పంపే ఫిర్యాదులకు మేం జవాబులు రాస్తాం. ఆ కంపెనీ నియమం ప్రకారం ఏటా ఒక భద్రతా పాఠం వినాలి. ఎవడైనా తుపాకీ పట్టుకుని ఆఫీసులోకి వచ్చి అందరినీ కాల్చడం మొదలుపెడితే ఏం చేయాలి, ఎటు పరిగెత్తాలి, ఎక్కడ దాక్కోవాలి అన్నది మొదటి సగం. అలాంటి మనిషిని ముందే ఎలా గుర్తుపట్టాలన్నది రెండో సగం.

"మేడమ్, మన గేటు కాడ పెరుగు డబ్బా గూడ మూత తీయించి చూస్తరు. తుపాకీ ఎట్ల తెస్తడు?" అని ఎవరో అడిగారు.

"పాఠం అక్కడ తయారైందమ్మా. మనం చూసి పరీక్ష రాయడమే" అన్నారు మేడమ్.

తెర మీద గుర్తులు వచ్చాయి. ఎవరితోనూ కలవడు. ఒంటరిగా తింటాడు. మాట్లాడేటప్పుడు కళ్ళలోకి చూడడు. ఎగతాళి చేస్తే మనసులో పెట్టుకుంటాడు. మా వరసలో ఒక కర్నూలు అబ్బాయి ఉండేవాడు. "మేడమ్, మా పక్కనే ఒకరుండారు. రోజూ మెట్ల మీద కూర్చోని తింటాది" అన్నాడు. అందరూ నా వైపు తిరిగి నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే నాలుగో గుర్తు కూడా నా మీదికి వస్తుందని. మేడమ్ కూడా చిన్నగా నవ్వి పాఠం ముందుకు జరిపారు.

నేను మెట్ల మీద తినేది నిజమే. మాది వికారాబాద్ వైపు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. చేరిన కొత్తలో భోజనాల బల్ల దగ్గర "గిట్లైతే ఎట్ల" అని ఏదో అంటే, ఒకమ్మాయి అదే రాగంతో తిరిగి అని చూపించింది. ఆమె మనసులో చెడు లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం మర్నాటి నుంచి డబ్బా తీసుకుని మెట్ల దగ్గరికి పోయాను. అక్కడ ఒక కిటికీ ఉండేది, గాలి వచ్చేది. ఎవరి మీదా కోపం లేదు. మాట్లాడాలంటేనే భయం.

ఆ పాఠం తర్వాత కొద్ది రోజులకు హెచ్‌ఆర్ గదికి పిలిచారు. నన్ను చూస్తే భయమేస్తోందని ఎవరో మెయిల్ పెట్టారట. నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. విచారణ తేలేదాకా కాదని అక్కడి అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పదిమందిని చంపేలా ఉన్నానని పంపించేశారని ఆమెతో ఎట్లా చెప్పాలి? ఇంట్లో కోడిని కోస్తుంటే నేను లోపలికి పోయి తలుపేసుకుంటానని ఆమెకు తెలుసు.

అంతలో తలుపు తోసుకుని మేడమ్ వచ్చారు. ఆమెను ఎవరూ పిలవలేదు.

"ఈ ఫిర్యాదు నా క్లాసు వల్ల వచ్చిందండి. విచారించేదుంటే ముందు నన్ను విచారించండి."

"అది కాదు మేడమ్, మీ పాఠంలో చెప్పిన గుర్తులన్నీ సరిపోతున్నాయని రాశారు."

"నాకూ సరిపోతాయి. మా ఆయనకైతే ఇంకా బాగా సరిపోతాయి. పొద్దున్నే పేపరు చదువుతుంటే ఆయన్ని ఒకసారి పలకరించి చూడండి."

ఆ అబ్బాయికి నవ్వాగలేదు. ఫిర్యాదు అక్కడితో మూసేశారు. నా ఉద్యోగం నిలబడింది. మెయిల్ పెట్టిందెవరని బయటికి వచ్చాక అడిగాను. "నాకు తెలీదు. తెలిసినా చెప్పను. తెలిస్తే ఆ మనిషితో కలిసి నువ్వు అన్నం తినలేవు" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం డబ్బా పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చేశారు. "జరుగమ్మా" అని నా పక్కన కూర్చున్నారు. నేను బిగుసుకుపోయాను. "ఆరోజు వాడలా అన్నప్పుడు నేనూ నవ్వాను. పాఠం చెప్పేదాన్ని, అక్కడే ఆపాల్సింది. ఆ నవ్వు నాకింకా అరగలేదు" అన్నారు. అలా కొన్నాళ్ళు. ఆ తర్వాత, "మెట్ల మీద నా మోకాళ్ళు పట్టేస్తున్నాయి, నా కోసం బల్ల దగ్గరికి రావే" అన్నారు. వెళ్ళాను. నా డబ్బాలో కూర అడక్కుండా తీసుకునేవారు. అడిగితే మర్యాద చేసినట్టుంటుందట, మర్యాద చేసేచోట అన్నం సహించదట.

మాతో మొదట కలిసింది ఆ కర్నూలు అబ్బాయే. "నన్ను కాల్చొద్దు తల్లీ, పప్పు తెచ్చినా" అంటూ వచ్చి కూర్చున్నాడు.

"పప్పు ఎట్లుందో చూసినంక చెప్త" అన్నాను. బల్ల చుట్టూ నవ్వులు. నా మాటను ఎవరూ తిరిగి అని చూపించలేదు.

మరుసటి ఏడాది అదే పాఠం వచ్చింది. ఈసారి మేడమ్ తెర ఆపేసి, అంతమందిని కాల్చేవాడు అసలెందుకలా చేస్తాడని మమ్మల్ని అడిగారు. ఒంటరితనం అన్నారొకరు. పగ, పిచ్చి, పేరు రావాలన్న ఆశ, ఇంతకుముందు చేసినవాణ్ణి చూసి నేర్చుకోవడం, తుపాకీ తేలిగ్గా దొరకడం... అన్నీ బోర్డు మీద రాశారు. తర్వాత, ఆదివారాలు హాస్టల్ గదిలో ఒంటరిగా తినేవాళ్ళను చేతులెత్తమన్నారు. సగం చేతులు లేచాయి. టీమ్ లీడ్ మీద పగ ఉన్నవాళ్ళు అనగానే అన్నీ లేచాయి.

"చూశారా, ఎంత ప్రమాదకరమైనవాళ్ళ మధ్య ఉన్నానో" అన్నారు. తర్వాత నవ్వు మానేశారు. "వీటిలో ఏ ఒక్కటీ దానంతట అది మనిషిని హంతకుణ్ణి చేయదు. అన్నీ ఒకడిలో ఎప్పుడు కలుస్తాయో ఎవరికీ తెలీదు. తెలుసని చెప్పేవాళ్ళను నమ్మకండి. కానీ ఒక్కటి మన చేతిలో ఉంది. పక్కవాడు ఒక్కడే తింటుంటే వెళ్ళి కూర్చోవచ్చు. వాడు ఎవరినో చంపుతాడన్న భయంతో కాదు. వాడు ఒక్కడే తింటున్నాడు గనక." ఇది చదివేవాళ్ళలో మాలాంటి ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు ఉంటారు. ఆమె దగ్గర నేను నేర్చుకున్నదాంట్లో మీకు చెప్పదగ్గది ఇదే.

నేను మెట్ల మీద తినే రోజుల్లో, ఆ కిటికీలోంచి చూస్తే కింద గొడుగేసుకుని రెండు భవనాల మధ్య అటూ ఇటూ నడిచే ఒకామె కనిపించేది. ఇంత ఎండలో నడిచే పరేషాన్ ఈమెకెందుకో అనుకునేదాన్ని. ఆమె మేడమేనని తర్వాత తెలిసింది. నాతో తినడం మొదలుపెట్టాక ఆ నడక ఆగిపోయింది. "ఇప్పుడు నడుస్తలేరేంది మేడమ్?" అని ఒకసారి అడిగాను కూడా. "అక్కడ కబుర్లు చెప్పేవాళ్ళు లేరమ్మా" అన్నారు. ఆ మాటకు రోజంతా సంతోషంగా ఉన్నాను.

పదో రోజు దాటాక వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె భర్త రిటైరైన మనిషి. నేనెవరో చెప్పగానే, "మెట్ల అమ్మాయివా?" అన్నారు. కాఫీ ఇచ్చి, తనూ ఒక గ్లాసు తీసుకుని అడిగారు.

"డాక్టరు గట్టిగా చెప్పాడమ్మా, రోజూ అరగంట నడవాలని. పొద్దున వంటతో కుదరదు, మధ్యాహ్నం భోజనమయ్యాక ఆఫీసులో నడుస్తానంది. నడిచేదా?"

నడిచేవారండీ అంటే ఆయన మనసు తేలికపడేది. కానీ అలా అంటే ఆమె నా పక్కన గడిపిన ప్రతి మధ్యాహ్నాన్నీ లేదన్నట్టే. "లేదండి. మొదట్లో నడిచేవారు. తర్వాత నాతో కూర్చునేవారు" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "మరి రోజూ సాయంత్రం నడిచి నడిచి కాళ్ళు లాగేస్తున్నాయని నా చేత కొబ్బరినూనె రాయించుకునేదే." పెదవులు నవ్వాయి. కళ్ళు నవ్వలేదు. "ఎంత దొంగది."

"నా వల్లే సార్."

"ఊరుకో అమ్మా. ఉప్పు మానమంటే మానలేదు. మాత్రలు మరిచిపోయేది. వాళ్ళ నాన్నగారూ ఇలాగే పోయారు. అంతా నీ నెత్తినే ఎందుకేసుకుంటావు?"

బోర్డు మీద మేడమ్ చేసిందే ఆయనా చేశారు. ఏ ఒక్కటీ కారణం కాదన్నారు. నేను తలూపాను. కానీ ఆ కారణాల్లో నా అరగంట కూడా ఉంది. ఎవరెంత చెప్పినా అది అందులోంచి పోవడం లేదు.

బయల్దేరుతుంటే ఆయన గుమ్మం దాకా వచ్చారు. చెప్పుల స్టాండు మీంచి తెల్లబూట్లు తీశారు. నడకకని పోయిన వేసవిలో కొన్నారట. చీర మీదికి కూడా మేడమ్ అవే వేసుకొచ్చేవారు. ఆయన ఒకదాన్ని తిరగేసి వెలుతురుకు పట్టారు. మడమ దగ్గర కూడా అరగలేదు. అడుగున గీతల మధ్య ఎండిపోయిన అన్నం మెతుకు ఒకటి ఇరుక్కుని ఉంది. గోటితో తీయబోయి ఆయన ఆగిపోయారు. మెతుకును అలాగే ఉంచి, బూటును మళ్ళీ దాని జత పక్కన పెట్టారు.