పొగమంచులో మామ పేరు

ఉస్తిన్యా కాపురానికి వచ్చి పాతికేళ్ళు దాటింది. అన్నేళ్ళలోనూ ఆమె నోట మామగారి పేరు ఒక్కసారి కూడా రాలేదు. సైబీరియా కొండల్లో ఉండే షోర్ తెగలో కోడలన్నాక మామ పేరు పలకదు, ఆయన ఎదుట తలగుడ్డ తీయదు, వట్టి కాళ్ళతో తిరగదు. ఇదంతా ఆమెకి బరువనిపించిందీ లేదు. ఇబ్బంది పడిందల్లా జనాభా లెక్కలాయన వచ్చిన రోజునే.

"ఇంటి పెద్ద పేరేమిటమ్మా?"

"మా మావయ్య."

"మావయ్యకి పేరుండదా?"

"ఎందుకుండదూ? చాలా మంచి పేరు."

ఆ పట్నం మనిషి తల పట్టుకున్నాడు. పక్కింటి దార్యా వచ్చి, నవ్వాపుకోలేక, "నికనోర్, బాబూ, నికనోర్! దాన్ని చంపినా చెప్పదు!" అంటే గానీ ఆ గండం గడవలేదు.

ఉస్తిన్యా భర్త ఎఫీమ్ ఛాతీ జబ్బుతో పోయాడు. పిల్లల్లేరు. పుట్టింటివాళ్ళు మ్రస్సు నది దాటి వచ్చి, "ఇంకా ఆ ముసలాయన్ని పట్టుకుని ఎందుకే వేళ్ళాడతావు, వచ్చెయ్" అన్నారు. ఉస్తిన్యా వాళ్ళకి టీ పోసి, వేయించిన బార్లీ పిండి కలిపి పెట్టి, మెత్తగా సాగనంపింది. ఎందుకు వెళ్ళలేదని మీరు అడుగుతారేమో. ఎఫీమ్ పోయిన చలికాలం ఆమె మంచం దిగలేదు. ముసలాయన జన్మలో గరిటె పట్టినవాడు కాదు. అలాంటివాడు రోజూ గంజి కాచి, మాడ్చి, కోడలి గది తలుపు బయట పెట్టి, ఒక్క దగ్గు దగ్గి వెళ్ళిపోయేవాడు. మామ కోడలి గదిలోకి వెళ్ళకూడదు కదా మరి! ఆ దగ్గు వినే ఆమె లేచి, ఆ మాడు గంజే తాగి బతికింది. అలాంటి మనిషిని వదిలి ఏ పుట్టింటికి వెళ్తుంది?

ఆ ఏడు కొండమీద పైన్ కాయలు విరగకాశాయి. మామా కోడలూ, ఎఫీమ్ చిన్నాన్న కొడుకు తిమోఫే, ముగ్గురూ వెళ్ళి అడవిలో గుడిసె వేసుకున్నారు. మగవాళ్ళు పెద్ద కొయ్య సుత్తితో చెట్టు మొదలుని బాదితే కాయలు జలజల రాలేవి. ఉస్తిన్యా వాటిని నలిపి, జల్లించి, గింజలు మూటలు కట్టేది. నికనోర్‌కి చూపు మందగించింది. ఆ సంగతి అడవికంతటికీ తెలుసు, ఆయన మాత్రం ఒప్పుకోడు.

ఒకనాడు మధ్యాహ్నం తిరిగేసరికి పొగమంచు దిగింది. తిమోఫే బస్తా మోసుకుంటూ ఒక్కడే వచ్చాడు.

"పెదనాన్న వచ్చేశాడా వదినా?"

"నీతోనే కదయ్యా వెళ్ళారు!"

"'నువ్వు అటు బాదు, నేను ఇటు ఏరతాను' అన్నాడు. తిరిగి చూస్తే మంచు తప్ప మనిషి లేడు."

ఉస్తిన్యా చేతిలో జల్లెడ పడేసింది. గాలిలో మంచు కురిసే వాసన అప్పటికే తగులుతోంది. ఆ వయసులో, ఆ దగ్గుతో, రాత్రంతా బయట ఉంటే ఆయన తెల్లారడం చూడడు. ఆయన పోతే ఇక ఆ ఇంట్లో ఆమెకి ఎవరున్నారు? తలగుడ్డ బిగించి కట్టి పరుగెత్తింది.

వెతకడమంటే కేక వెయ్యడమే కదా అంటారేమో. అదే తంటా! కొండని ఏలే దేవర కొండదొర అనీ, ఆయన కూతుళ్ళు మంచులో తిరుగుతారనీ, మనవాళ్ళ గొంతుతో పిలుస్తారనీ, పలికినవాణ్ణి తీసుకుపోతారనీ షోర్లకి పుట్టుకతో తెలుసు. అడవిలో పిలుపుకి పలక్కూడదు. నికనోర్ ఈ విషయంలో మరీ మొండి. ఆయన మేనమామ ఒకడు అలా పలికే, తిరిగి రాలేదట.

"పెదనాన్నా! పెదనాన్నోయ్!" తిమోఫే గొంతు బొంగురుపోయింది. జవాబు లేదు.

"మావయ్యా!" అంది ఉస్తిన్యా. లేదు.

అప్పుడామెకి తోచింది. మావయ్యా, పెదనాన్నా అని దెయ్యమైనా పిలుస్తుంది. పేరు పెట్టి పిలిస్తే? తన పేరు తెలిసిన మనిషే వచ్చిందని నమ్మడూ! తిమోఫే వైపు చూడకుండా, కళ్ళు గట్టిగా మూసుకుని అరిచేసింది.

"నికనోర్! నికనోర్!"

తిమోఫే నోరు వెళ్ళబెట్టాడు. అడవి మాత్రం ఉలకలేదు, పలకలేదు. కొమ్మల మీంచి నీటి చుక్కలు రాలుతున్నాయి, అంతే.

ఉస్తిన్యా అక్కడే నేలమీద కూలబడింది. అనకూడని మాట అననే అంది, ఫలితమూ లేకపోయింది. ముందు ఏడుపు వచ్చింది. ఆ వెనకే కోపం వచ్చింది, అబ్బో, అలాంటిలాంటి కోపం కాదు.

"ఎక్కడున్నారో ఉండండి! మొండి మనిషి! కళ్ళు కనబడవు, కనబడవంటే ఒప్పుకోరు! దగ్గు మందు పారబోసి తాగానని చెప్పిందెవరు? నాకు తెలీదనుకున్నారా? మొన్న కొత్త బూట్లు పొయ్యిమీద పెట్టి కాల్చిందెవరు? ఎఫీమ్ బూట్లవి! కాల్చేసి పిల్లి మీదకి తోస్తారా? ఇప్పుడేమో నన్నిలా వదిలేసి..."

"బూట్లు నేను కాల్చలేదు!"

ఇద్దరూ అదిరిపడ్డారు. పిలిస్తే వినబడేంత దగ్గర్లో, పడిపోయిన చెట్టు దుంగ చాటునుంచి వచ్చింది ఆ గొంతు.

"పొయ్యి మీద పెట్టింది నువ్వే! నేను ఆరాయేమోనని తిప్పానంతే!"

ఉస్తిన్యా ముళ్ళూ కంపా చూడకుండా పరుగెత్తింది. చీలమండ మెలికపడి, దుంగకి ఆనుకుని కూర్చున్నాడు ముసలాయన. పెదాలు నీలంగా ఉన్నా కళ్ళల్లో రోషం తగ్గలేదు. ఆమె తన పైకోటు విప్పి ఆయన మీద కప్పి, నవ్వుతూ ఏడ్చింది. ప్రాణం లేచివచ్చింది.

"అంత దగ్గర్లో ఉండి పలకరేం పెదనాన్నా!" తిమోఫే విసుక్కున్నాడు.

"ఎలా పలుకుతానురా? గొంతు మా కోడలిది, అరిచేది నా పేరు! మా కోడలు చస్తే నా పేరెత్తదు. ఇది కచ్చితంగా కొండదొర కూతురే అనుకుని ఇంకా లోపలికి దూరాను. తర్వాత తిట్లు మొదలయ్యాయి. వాళ్ళకి అంత నోరెక్కడిదిరా?"

తిమోఫే వీపున వేసుకుని మోశాడు. గుడిసె చేరేసరికి మంచు కురవడం మొదలైంది.

ఊరికి వచ్చాక జనం మూగారు. ఉస్తిన్యా మొహం దించుకుని వంటింట్లోనే ఉండిపోయింది. తిమోఫే నోరు తెరవబోతే నికనోర్ అడ్డం పడ్డాడు. "కొండదొర కూతురు నన్ను పేరు పెట్టి పిలిచిందర్రా. అచ్చం మా కోడలి గొంతే. నేను పలకలేదు!" అని దర్జాగా చెప్పాడు. దార్యా వంటింటి వైపు ఓరగా చూసి, "దానికి సిగ్గు లేదు కాబోలు!" అని నవ్వింది.

అందరూ వెళ్ళాక ఉస్తిన్యా వేడి ఉప్పు మూట తెచ్చి ఆయన కాలి దగ్గర పెట్టింది.

"అది కొండదొర కూతురు కాదు మావయ్యా."

"తెలుసు."

"తప్పు చేశాను."

ముసలాయన మూట తీసుకుని చీలమండకి అదుముకున్నాడు.

"ఊళ్ళో నన్ను తాత అంటారు, పెదనాన్న అంటారు, నువ్వు మావయ్య అంటావు. మా అక్క పోయాక నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి లేడమ్మాయ్. నాకన్నా పెద్దవాళ్ళెవరూ మిగల్లేదుగా. అక్కడ దుంగ చాటున వణుకుతూ కూర్చుని, అది దెయ్యమే అనుకుంటూ కూడా, ఇంకొక్కసారి పిలిస్తే బాగుండుననిపించింది."

ఉస్తిన్యా కళ్ళు తుడుచుకుంది.

"అయితే మళ్ళీ పిలవమంటారా?"

"ఛ, తప్పు! కోడలివి కదూ!" అన్నాడు నికనోర్ గాభరాగా.