చేమంతులకు రాత్రి లేకుండా చేసిన మనిషి

పూయని మొక్కను పూయించినవాళ్ల కథలు మీరు చాలా విని ఉంటారు. పూయడానికి సిద్ధంగా ఉన్న నాలుగు మొక్కలను కంటికి రెప్పలా కాచి, వేళకు నీళ్లు పోసి, ఖరీదైన దీపాలు పెట్టి మరీ పూయకుండా ఆపిన మహానుభావుణ్ణి మాత్రం చూసి ఉండరు. అది నేనే. కాస్త తీరిగ్గా కూర్చోండి. ఇందులో ఒక పెద్దావిడ మోకాలు కూడా ఇరుక్కుని ఉంది కాబట్టి నవ్వేముందు ఒక్క క్షణం జాలిపడండి. నా మీద కాదు, ఆవిడ మీద.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఢిల్లీ మయూర్ విహార్‌లో లిఫ్టు లేని ప్రభుత్వపు ఫ్లాట్లలో కింది ఇల్లు మాది. రోజూ మెట్రో ఎక్కి నోయిడా వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునేవాణ్ణి. మాది కడియం దగ్గర పల్లె. కడియం అంటే నర్సరీల ఊరని ఎవరో ఇంటర్నెట్‌లో చూసి చెప్పారు, అంతే, మా బ్లాకులో నాకు వృక్షశాస్త్రంలో డాక్టరేటు వచ్చేసింది. నిజానికి మా నాన్న లెక్కల మాస్టారు. నా జన్మలో నాటిన మొక్క ఒక్కటే, అదీ కాలేజీ క్యాంపులో, ఫొటో తీసేదాకా బతికింది. అయినా ఎవరైనా వచ్చి మనీప్లాంట్ ఆకులు పసుపెక్కుతున్నాయంటే గంభీరంగా తల పంకించి "నీళ్లు ఎక్కువయ్యాయి" అనేవాణ్ణి. చాలామందికి అది సరిపోయేది. దాంతో నా పేరు ఇంకాస్త పెరిగేది.

మా మీద రెండో అంతస్తులో మల్హోత్రా ఆంటీ ఉండేవారు. ఆవిడ చేమంతులు బ్లాకుకంతా అందం. కింద మెట్ల పక్కన మట్టికుండీల్లో పసుపురంగువి, ఒక్కో పువ్వు కొబ్బరిచిప్పంత. ఆ ఏడు వానాకాలంలో ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. తోడుగా ఉండడానికి ఫరీదాబాద్ నుంచి కూతురు నేహా దీదీ వచ్చింది. మోకాలు బాగుపడింది గాని భయం మిగిలిపోయింది. ఇల్లంతా తిరిగే మనిషి మెట్ల దగ్గరికి రాగానే రెయిలింగు పట్టుకుని ఆగిపోయేవారు. ఇలాగే కూర్చుంటే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు హెచ్చరించాడు. బతిమాలినా, కసిరినా ఆవిడ మాట ఒకటే.

"నా చేమంతులు విచ్చుకున్న రోజు దిగుతాను. అప్పటిదాకా నన్ను సతాయించకండి."

సరిగ్గా అప్పుడే మా బ్లాకు గోడలకు సిమెంటు పని మొదలైంది. కుండీల మీద సున్నం, ఇసుక రాలుతుంటే నేహా దీదీ వాటిని మా ముందుగదిలోకి చేర్చింది.

"రావు గారూ, మీరు మొక్కల ఊరివాళ్లు. మమ్మీ మెట్లు దిగడం ఇక మీ చేతిలో ఉంది," అంది.

"ఫికర్ మత్ కీజియే దీదీ," అన్నాను, బెంగపడకండని. ఆ మూడు మాటల హిందీ దగ్గర నన్ను ఎవరైనా ఆపి ఉంటే ఎంత బాగుండేదో.

పనివాళ్లు బయట కట్టిన ఆకుపచ్చ వల వల్ల మా ముందుగదిలో పట్టపగలే మసకగా ఉండేది. వెలుతురు కొలిచే యాప్ ఒకటి ఫోన్లో వేసుకుని మూలమూలకీ తిరిగాను. మా ఆవిడ వాణి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏంటండీ, ఫోన్‌తో ఇల్లు తుడుస్తున్నారా?"

"వెలుతురు కొలుస్తున్నా. చాలా తక్కువుంది."

"అది తెలియడానికి ఫోనెందుకండీ. నేను పొద్దున్నుంచీ లైటేసుకునే బియ్యం ఏరుతున్నా."

ఆ మాటను నేను శాస్త్రంగా పరిగణించలేదు. నాకు చిన్నప్పటి దృశ్యం ఒకటి గుర్తొచ్చింది. కడియం వైపు చీకటి పడ్డాక బస్సులో వెళుతుంటే చేమంతి మడుల మీద బారులు బారులుగా బల్బులు వెలిగేవి. నల్లటి నేల మీద అంత వెలుగు, దాని కింద పచ్చగా మెరుస్తూ మొక్కలు. నేను కిటికీకి ముక్కు ఆనించి ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి. దేవుడు పూలను ఇలాగే తయారుచేస్తాడని అప్పుడే నిర్ణయించేసుకున్నాను. ఎవర్నీ అడగలేదు. అంత అందమైనదాన్ని గురించి ప్రశ్నలేంటని.

ఇక దీపాల వేట. మొదట ఊదారంగు దీపం తెప్పించాను. మొక్కలకు అదే శ్రేష్ఠమని చదివాను. ఆ సాయంత్రం వాణి పప్పుచారు వడ్డించి, దాని రంగు చూసి గిన్నె వెనక్కి తీసుకుంది.

"ఈ వెలుగులో నేను అన్నం తినను. మీరూ తినకూడదు. ఎవరైనా చూస్తే విషం పెట్టాననుకుంటారు."

దాన్ని వాపసు పంపి, తెల్లటి ఎల్ఈడీ గొట్టాలు తెచ్చాను. కరెంటు తక్కువ తాగుతాయి, వేడెక్కవు, వెలుగు మాత్రం దండిగా ఇస్తాయి. కర్టెన్ కడ్డీకి వేలాడదీశాను. వెలుగు వృథా కాకుండా వెనక గోడకు చపాతీలు చుట్టే వెండికాగితం అంటించాను. తెల్లవారుజామున వెలిగి, మేము పడుకునేవేళకు ఆరేలా టైమరు పెట్టాను. అంత పొదుపైన, అంత పకడ్బందీ ఏర్పాటు తూర్పు ఢిల్లీలో ఇంకొకటి లేదని ఇప్పటికీ నా నమ్మకం.

మొక్కలు ఎంత ఎదిగాయనుకున్నారు. ఆకులు అరచేతులంత అయ్యాయి. కొమ్మలు దీపాన్ని తాకాయి. దీపం పైకి జరిపితే అవీ పైకి జరిగాయి. ఆఫీసు నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా వాటి ముందు నిలబడి ఆ పచ్చదనాన్ని చూస్తూ ఉండిపోయేవాణ్ణి. మనం ఇచ్చిన వెలుతురు తిని ఒక ప్రాణి ఆకు వేస్తుందంటే చిన్న సంగతా చెప్పండి. వాణి కూడా, ఎవరికీ చెప్పనని మాటిచ్చాను గాని, ఒకటి రెండుసార్లు వాటిని నిమిరింది.

ఆంటీ మాత్రం రోజూ పైనుంచి వీడియో కాల్ చేసేవారు.

"మొగ్గలొచ్చాయా బేటా?"

"ముందు ఆరోగ్యం ఆంటీ. ఆకులు చూడండి."

"ఆకులు పాలకూరకీ ఉంటాయి. మొగ్గలు?"

"వచ్చేస్తాయి ఆంటీ."

దీపావళి వెళ్లిపోయింది. చలి మొదలైంది. పార్కుల్లో, బళ్ల మీద, గుడి ముందు ఎక్కడ చూసినా చేమంతులే. మా ముందుగదిలో మాత్రం పచ్చని అడవి. నేనేం చేశానంటారా? వెలుగు చాలలేదేమోనని ఇంకో గొట్టం వేశాను. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. దీపం ఆర్పితేనే చక్కబడే ఇళ్లు కూడా ఉంటాయని ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు ఆంటీ ఫోన్లో మొగ్గల సంగతే అడగలేదు. "వదిలేయ్ బేటా. నా కాలు లాగే వాటికీ మనసు లేదేమో. నేహాని ఇంటికి వెళ్లిపొమ్మంటాను. నాకు ఈ రెండు గదులు చాలు," అన్నారు. ఆ గొంతు విని నాకు అన్నం దిగలేదు. నిజంగా భయం వేసింది. ఒక మనిషి మెట్లు దిగడం మానేస్తోంది, దానికి కారణం నా గదిలో ధగధగలాడుతోంది. కాని ఏ తప్పు చేశానో తెలియడం లేదు.

వాణి నా చేతిలోంచి ఫోన్ లాక్కుని మా అమ్మకు చేసి స్పీకర్‌లో పెట్టింది. అంతా విని అమ్మ ఒకే ప్రశ్న అడిగింది.

"ఒరేయ్ నాన్నా, పొద్దుపోయాక కూడా లైట్లేస్తున్నావా?"

"మన కడియంలో వేస్తారు కదమ్మా."

"అవి మొగ్గ వెయ్యకుండా ఆపడానికిరా. మొక్క ఎదిగేదాకా ఆ లైట్లుంచి, పూలు కావాల్సినప్పుడు తీసేస్తారు. చేమంతికి రాత్రి పొడుగవ్వాలిరా, అప్పుడే పూస్తది. ఆ ఊళ్లో పుట్టి ఇది తెలీదేంట్రా నీకు?"

వాణి నవ్వలేదు. అది నవ్వడం కంటే ఘోరంగా ఉంది.

వెంటనే ఆంటీకి వీడియో కాల్ చేసి నిజం చెప్పేశాను. "పొద్దున్నుంచి పడుకునేదాకా లైటు వేశాను ఆంటీ. అందుకే పూయలేదు. తప్పు వాటిది కాదు, నాది."

"ఏం చేశావూ?"

మళ్లీ చెప్పాను. కాల్ కట్ అయింది.

కాసేపటికి మెట్ల మీద ఏదో అలికిడి, వెనక నేహా దీదీ కేకలు: "మమ్మీ, ఆగు. మమ్మీ, నీ కర్ర." తలుపు తీసేసరికి ఎదురుగా ఆంటీ. చేతిలో కర్ర లేదు. కాళ్లకు చెరో రకం చెప్పులు. నన్ను పక్కకు తోసి ముందుగదిలోకి వచ్చి, ఆ ధగధగలనూ గోడ మీది వెండికాగితాన్నీ చూశారు.

"స్విచ్ ఎక్కడ?"

చూపించాను. ఆవిడే ఆర్పారు.

చీకట్లో నలుగురం నిలబడ్డాం. నేహా దీదీ గుమ్మం పట్టుకుని వగరుస్తోంది. రెండంతస్తులు దిగొచ్చినట్టు ఆంటీకి ఇంకా తెలియలేదు. ఆకుల మీద చెయ్యి వేసి, నాతో కాదు, వాటితోనే అన్నారు: "ఇవి రాత్రిని లెక్కపెట్టుకుంటాయి. రోజురోజుకూ రాత్రి పెరుగుతోందని తెలిశాకే లోపల పువ్వు మొదలుపెడతాయి. పాపం, వీటికి నిద్రే లేకుండా చేశాడు." నాకు ఒళ్లు జలదరించింది. మొక్కకు కళ్లు లేవు, గడియారం లేదు, మట్టిలో ఊరికే నిలబడి ఉంటుంది, కాని చీకటి ఎంతసేపుందో దానికి తెలుసు. నేను మాత్రం ఫోన్ పట్టుకుని వెలుతురు కొలిచాను. అంత గొప్ప సంగతి ముందు నా ఇంజనీరింగు డిగ్రీ చాలా పలచగా కనిపించింది.

నన్ను నమ్మే ప్రసక్తే లేదు కాబట్టి, మర్నాటి నుంచి లైటు ఆర్పానో లేదో చూడడానికి ఆంటీ ప్రతి సాయంత్రం స్వయంగా కిందికి దిగేవారు. కుండీల మీద నల్లదుప్పటి కప్పి, టీ తాగి, నన్ను తిట్టి, పైకి ఎక్కేవారు. పార్కుల్లో చేమంతులు ఎండిపోయాక, ఫిబ్రవరిలో మా గదిలో పసుపుపచ్చగా విచ్చుకున్నాయి. వాణి కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, నల్లదుప్పటి దుమ్మని చెప్పాను.

ఆ నెలలోనే డాక్టరు ఆంటీ కాలు అటూ ఇటూ వంచి చూసి ఆశ్చర్యపోయాడట. "ఇంత బాగా వంగుతోందే, ఏ ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళుతున్నారు?" అని అడిగాడట.

"ఎక్కడికీ వెళ్లను డాక్టర్ సాబ్," అన్నారట ఆంటీ. "మా కింది ఇంట్లో ఒక మూర్ఖుడున్నాడు. రోజుకోసారి దిగి చూసుకోవాలి."

అందుచేత, సూర్యచంద్రులూ మా ఆవిడా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ మొక్కకూ అది అడగని వెలుగు ఇవ్వను. ఆంటీకి రెండో మోకాలు కూడా నొప్పి పెడితే మాత్రం, ఆవిడ ఆరోగ్యం కోసం ఈ ప్రమాణాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టగలను.