ఎల్లేశం కాక విచారణలో ఉన్న రైలు పట్టాలు

ఎల్లేశం కాకకు ఒకటే జబ్బు. ఇంట్లో ఏది పగిలినా, ఒలికినా, విరిగినా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ముందు విచారణ జరగాలి.

ఈ జబ్బు ఆయనకు బొగ్గుబావిలో అంటుకుంది. బావిలో ప్రమాదం జరిగితే అధికారులు వచ్చి చూసి పోయేదాకా అక్కడ రాయిని కూడా కదిలించకూడదన్నది నియమం. కాక కార్మికుల తరఫున ఏళ్ల తరబడి సేఫ్టీ కమిటీలో ఉన్నాడు. రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేశాడు గానీ, ఆ నియమాన్ని మాత్రం మంచాలూ బీరువాలతో పాటు లారీలో వేసుకొని గోదావరిఖనిలో మా పక్కింటికి తెచ్చుకున్నాడు.

ఒకరోజు పిల్లి పెరుగు గిన్నె కింద పడేసింది. కాక భార్య అనసూర్య చిన్నమ్మ పాపం పాతగుడ్డ పట్టుకొని తుడవబోయింది.

"ఆగు! ముట్టకు!" అని కాక ముగ్గుపిండి డబ్బాతో ఉరికి వచ్చి పెరుగు చుట్టూ తెల్లగా గుండ్రం గీశాడు. "సాక్షి ఎవలు?"

"పిల్లి."

"పిల్లి సాక్షి ఎట్లయితది? పడేసిందే అది."

"అయితె పెరుగును అడుగు," అని చిన్నమ్మ గుడ్డ అక్కడే పారేసి వంటింట్లోకి పోయింది.

విచారణ తేలేసరికి చీమలు పెరుగు ఖాళీ చేశాయి. తీర్పు ఏమిటంటే, తప్పు గిన్నెది. అంచు మీద కూర్చోవడం దాని బుద్ధి తక్కువ. కాక విచారణలన్నీ ఇట్లాగే తేలేవి. నిచ్చెన మీది నుంచి సున్నం వేసేవాడు పడితే తప్పు నిచ్చెనది. చిన్నమ్మ అన్నం మాడబెడితే తప్పు పొయ్యిది. ఆ ఇంట్లో వాకిట్లో కన్నా లోపలే ముగ్గులు ఎక్కువ ఉండేవి. చుట్టాలు వస్తే వాటి మధ్యలోంచి దాటుకుంటూ లోపలికి పోయేవాళ్లు.

రిటైరైన రోజు తోటి కార్మికులు కాకకు చిన్న బొమ్మ రైలింజను, రెండు డబ్బాలు కానుకగా ఇచ్చారు. బావిలో బొగ్గు డబ్బాలు నడిచే పట్టాలు వేసీ వేసీ నడుము వంగిన మనిషి కదా, మురిసిపోతాడనుకున్నారు. మురిసిపోయాడు కూడా. కానీ దాంతో వచ్చిన పట్టా మూరెడే. ఇంజను ఇట్లా కదిలి అట్లా ఆగిపోయేది.

అప్పట్లో నేను ఇంట్లో కంప్యూటర్ పెట్టుకొని టైపింగ్ పనులు చేసేదాన్ని. తెలంగాణ వస్తుందా రాదా అని ఊరంతా అయోమయంగా ఉన్న రోజులవి. రాస్తారోకోలు, బందులు లేని రోజు కరెంటు ఉండదు, కరెంటు ఉన్న రోజు నెట్టు ఉండదు. అయినా కాక పొద్దున్నే వచ్చి కుర్చీ లాక్కొని కూర్చునేవాడు.

"బిడ్డా తిరుమలా, నీ కంప్యూటర్ల దుకాణం తీసిండ్రా?"

"అది ఎప్పుడూ తీసే ఉంటది కాకా."

"మూడు షిఫ్టులా? మంచిది. వంపు పట్టాలు చూడు. సీదా పట్టాలయితె బండి పోయి గోడకు గుద్దుకుంటది. మల్ల గోడ మీద ఎంక్వైరీ చెయ్యాలె."

నా పేరు మీదే ఆర్డరు పెట్టాను. వారం పది రోజులకు కొరియర్ అబూబకర్ సైకిలు మీద డబ్బా తెచ్చాడు. ఆయన ఆ ఏడే ఆ పనిలో చేరాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. డబ్బాను చూస్తే దాని మీద ఎవరో రాత్రంతా పడుకొని లేచినట్టుంది. విప్పితే పట్టాలు కొన్ని మెలికలు తిరిగి ఉన్నాయి, కొన్ని మధ్యకు విరిగాయి.

"ముట్టకుండ్రి!" అన్నాడు కాక. ముగ్గుపిండి వచ్చింది. డబ్బా చుట్టూ ఒక గుండ్రం, అబూబకర్ చుట్టూ ఒక గుండ్రం.

"ఎక్కడ పడ్డది?"

"కింద పడ్డది కాకా."

"కిందనే పడ్తది. మీదికి పడ్తదా? ఏ జాగల?"

"మాలూమ్ లే కాకా. తొవ్వల ఏడనో ధడేల్మన్నది. నేను, సైకిలు, డబ్బా ముగ్గురం పడ్డం."

"ముందుగాల ఎవలు పడ్డరు?"

అబూబకర్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. "సైకిలే కాకా. నేను దాని ఎనుకనే వచ్చిన."

కాక అక్కడితో ఆగితే కాక ఎందుకవుతాడు? ప్రమాదం ఎట్లా జరిగిందో మళ్లీ జరిపి చూడాలన్నాడు. విరిగిన పట్టాల డబ్బాను అబూబకర్ సైకిలుకు మళ్లీ కట్టించి, చౌరస్తా దాకా వెనక్కి పంపి, అక్కడి నుంచి మళ్లీ తెమ్మన్నాడు. తను వెనకాల నడిచాడు. ఇద్దరూ తిరిగి వచ్చేసరికి విరగకుండా మిగిలిన పట్టాలు కూడా విరిగాయి. అబూబకర్ మోకాలు చెక్కుకుపోయింది. చిన్నమ్మ పసుపు అద్దుతూ కాకను తిట్టిన తిట్లు మా ఇంటిదాకా వినబడ్డాయి.

కాక మాత్రం అబూబకర్ సైకిలు వైపే చూస్తూ అరుగు మీద కూర్చున్నాడు. చివరికి, "కేసు పెద్దది. చాన దినాలు నడుస్తది," అన్నాడు.

"కాకా, కేసెందుకు? పలిగిన సామాను వాపసు పంపితె కొత్తది పంపుతరు. కంప్యూటర్ల ఒక్క మాట రాస్తె అయిపాయె," అన్నాను.

"సాక్ష్యాన్ని వాపసు పంపుతరా బిడ్డా? ఎంక్వైరీ అయినంక చూద్దాం."

ఎంక్వైరీ కాలేదు. వాపసు గడువు దాటిపోయింది. కాక మళ్లీ వచ్చి అవే పట్టాలు ఆర్డరు పెట్టమన్నాడు. పెట్టాను. అవీ మెలికలు తిరిగి వచ్చాయి. మళ్లీ గుండ్రం, మళ్లీ ప్రశ్నలు. ఈ మనిషికి పట్టాలు కావాలా, ప్రమాదాలు కావాలా అన్నది నాకు ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

అంతలో కొరియర్ ఆఫీసు నడిపే జైపాల్ మా ఇంటికి వచ్చాడు. కాకను కూడా పిలిచి కూర్చోబెట్టాడు.

"అక్కా, ఆర్డర్లు మీ పేరు మీద ఉన్నయి. రెండు సార్లు సామాను పలిగిందని మీరొక్క కంప్లైంట్ రాసియ్యుండ్రి, చాలు. ఇంకో రెండు మూడు ఇండ్లల్ల గూడ సణుగుతున్నరు. అబూబకర్‌ను తీసేసి వేరేటోన్ని పెట్టుకుంట."

అబూబకర్ ఇల్లంతా ఆ సైకిలు మీదే నడుస్తోందని కాలనీలో అందరికీ తెలుసు. ఆయన బిడ్డ అఫ్షీన్ నర్సు చదువు ఆఖరి ఏడులో ఉంది. నేను రాయనని చెప్పబోతుండగా కాక నా కన్నా ముందు లేచాడు.

"ఏమయ్యా జైపాల్, మీ నాయిన నా తోని బావిల చేసిండు. రూలు చెప్పలేదా నీకు? ఎంక్వైరీ నడువంగ పనోన్ని తీసెయ్యద్దు."

"అది బావి, కాకా. ఇది కొరియర్."

"ప్రమాదం యాడైనా ప్రమాదమే. ఎంక్వైరీ ఆఫీసర్ ఎవలు? నేను. అయిపోయిందని నేను చెప్పిన్నా?"

"ఎప్పుడయితది మరి?"

"అయినప్పుడయితది."

జైపాల్ నా వైపు చూశాడు. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను. చిన్నప్పటి నుంచి కాక అంటే ఉన్న భయం అతనికి ఇంకా పోలేదు. "సరే కాకా, ఎంక్వైరీ అయ్యేదాక ఆగుత. అయినంక మాత్రం తీసేస్త," అని చెప్పి వెళ్లిపోయాడు.

మరునాటి నుంచి కాక ఇంకో అవతారం ఎత్తాడు. పొద్దున్నే ముగ్గుపిండి డబ్బా చంకలో పెట్టుకొని అబూబకర్ సైకిలు క్యారియర్ మీద ఎక్కి కూర్చునేవాడు. స్థల పరిశీలన అట. అబూబకర్ తొక్కలేక రొప్పుతుంటే కాక వెనక నుంచి డ్రైవరుకు చెప్పినట్టు చెప్పేవాడు. "ఎడమకు కొట్టు. లారీ వస్తాంది, ఆగు. ఇగ పో." గుంత కనబడ్డ చోటల్లా దిగి, చుట్టూ తెల్లగా గుండ్రం గీసి, మళ్లీ ఎక్కేవాడు. బొగ్గు లారీలు తిరిగే రోడ్లు కదా, గుంతలకు కరువేమిటి? చూస్తుండగానే కాలనీ నుంచి చౌరస్తా దాకా రోడ్డంతా గుండ్రాలే. ఒకచోట లేవనని మొరాయించి పడుకున్న బర్రె చుట్టూ కూడా గీశాడు.

జనం రకరకాలుగా అనుకున్నారు. రోడ్డు వెడల్పు చేస్తారని కొందరు, కింద బొగ్గు దొరికిందని కొందరు. మా ఆయన మాత్రం కాకకు తల తిరిగిందని తేల్చేశాడు.

"చిన్నమ్మా, కాకకు పానం మంచిగనే ఉన్నదా?" అని అడిగాను.

"నాకేమెరుక బిడ్డా? ముగ్గుపిండి మాత్రం దినాం అయిపోతాంది," అంది చిన్నమ్మ.

ఈ గందరగోళంలోనే కాక మూడోసారి పట్టాలు ఆర్డరు పెట్టించాడు. ఈసారి డబ్బా నలగలేదు. అంచులు కూడా చెదరలేదు. అబూబకర్ నవ్వుతూ రెండు చేతులతో అందించి పోయాడు. నేను సంబరంగా విప్పి చూస్తే పట్టాలన్నీ నిగనిగలాడుతున్నాయి. ఇక రైలు తిరుగుతుంది, అబూబకర్‌కు మాట రాదు, మాకు ఈ పీడ విరగడవుతుంది అనుకొని టీ పెట్టుకొద్దామని లోపలికి వెళ్లాను.

టీ గ్లాసుతో తిరిగి వచ్చేసరికి కాక నేల మీద కూర్చొని, కొత్త పట్టాను మోకాలికి ఆనించి, పళ్లు బిగబట్టి వంచుతున్నాడు.

"కాకా!"

"చప్పుడు చెయ్యకు బిడ్డా. గట్టిగున్నది ఇది, వంగుతలేదు."

"నీకేమన్న పిచ్చా? మంచిగొచ్చిన సామాను నువ్వే ఇరగ్గొడుతున్నవా? అవతల ఆ అబూబకర్ బతుకు పోతాంది, నీకు ఆటలా? నేనిప్పుడే పోయి జైపాల్‌కు అంత చెప్పేస్త!" నిజంగానే చెప్పులు వేసుకున్నాను. అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

కాక పట్టా కింద పెట్టాడు. "కూసో," అన్నాడు మెల్లగా. "మొదటి దినం నేను ఎనుక నడుసుకుంట పోయిన జూడు. ఆయన తొవ్వల కరెంటు స్తంభానికి సలాం కొట్టిండు. జైపాల్ భాయ్, మీరెళ్లుండ్రి, వస్తున్న అని మాట్లాడిండు గూడ. స్తంభం జవాబియ్యకపోతె కోపమొచ్చింది కావచ్చునని ఫికర్ చేసిండు. అప్పుడు నాకు సమజైంది. రెండు కండ్లల్ల పొర. గుంత గిట్ల కనిపియ్యదు. తెల్లగ ఉంటె జర్ర కండ్లకు ఆనుతది."

నేను ఒక చెప్పు విడిచాను.

"జైపాల్‌కు తెలిస్తె చూపు లేనోడు పనికి రాడంటడు. కరీంనగర్ దవాఖానల వచ్చే బేస్తారం ఆపరేషన్. తారీకు నేనే తీసుకున్న. గంతదాక కేసు నడువాలె. ఇయ్యాల పట్టాలు మంచిగ వచ్చినయంటె ఎంక్వైరీ మూసెయ్యి కాకా అంటడు. మూస్తె ఆయన నౌకరి పోతది. ఇప్పుడు చెప్పు బిడ్డా, నేను ఏం చెయ్యాలె?"

ఇంకో చెప్పు కూడా విడిచాను. ఆ ముసలాయన మీద ఒక్కసారిగా ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. పట్టా రెండో కొన నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి వంచాం. చిన్నమ్మ గడపలో నిలబడి మా ఇద్దరినీ చూసి, "పిచ్చి అంటుకునే రోగమా ఏంది?" అని వాళ్లింటికి పోయింది.

ఆ గురువారం కాక అబూబకర్‌ను కరీంనగర్ తీసుకుపోయాడు. వారం పైచిలుకు కొరియర్ డ్యూటీ కాకే చేశాడు. ఎంక్వైరీలో భాగమని జైపాల్‌కు నచ్చజెప్పాడు. డబ్బా ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ వాళ్ల ముందే విప్పించి, ఊపించి, చప్పుడు విని గానీ కదిలేవాడు కాదు. ఎప్పుడు వదిలిపెడతాడా అని జనం గడియారం చూసుకునేవాళ్లు. ఈ లోపల రోడ్డు కాంట్రాక్టరు ఆ తెల్ల గుండ్రాలు ఇంజనీరు పెట్టించిన గుర్తులనుకొని గుంతలన్నీ పూడ్చేశాడు. బర్రె పడుకున్న చోట గుంత లేకపోయినా తారు పోశాడు. ఇప్పటికీ అక్కడ రోడ్డు కాస్త ఎత్తుగా ఉంటుంది.

తర్వాత ఒక సాయంత్రం అబూబకర్ నల్ల కళ్లద్దాలు పెట్టుకొని, అఫ్షీన్‌ను వెంటబెట్టుకొని కాక ఇంటికి వచ్చాడు. అప్పటికే జైపాల్‌తో నిజం చెప్పేశాడట. జైపాల్, చూపు వచ్చింది కదా, రేపటి నుంచి పనికి రమ్మన్నాడట.

"మరి పట్టాలన్నీ వంగిపోయె కదా కాకా, రైలెట్ల?" అని అడిగాను.

"దానికేం జల్ది? అది డ్యూటీకి పోవాల్నా?" అన్నాడు కాక.

అబూబకర్ కళ్లద్దాలు తీసి కాక ముందు నిలబడ్డాడు. తల నుంచి కాలిదాకా, మళ్లీ కాలి నుంచి తలదాకా చూశాడు.

"యా అల్లా! గిన్ని దినాలు నా సైకిలు ఎనుక కూసున్నది గింత ముసలాయననా? అందరు కాక అంటె నేను గూడ అన్న గని, గొంతు విని, బరువు చూసి నలభై ఏండ్లుంటయనుకున్న. ఎరుకుంటె నేను దిగి, మిమ్మల్ని కూసోబెట్టి నెట్టుకుంట తిప్పుదును!"

అఫ్షీన్ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. అనసూర్య చిన్నమ్మ ఆపుకోలేక గోడకు ఆనుకొని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. కాక మాత్రం గంభీరంగా మీసం సవరించుకుంటూ లోపలికి పోయి చాలాసేపు అద్దం ముందు నిలబడ్డాడు.

మరునాడు పొద్దున్నే వచ్చి కుర్చీ లాక్కున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"బిడ్డా, నీ కంప్యూటర్ల దుకాణంల తలకేసే నల్లరంగు దొరుకుతదా?"

ఆర్డరు పెట్టాను. వారానికి అబూబకరే తెచ్చి ఇచ్చాడు. సీసా పగలలేదు.