పడుగు దారంతో కట్టిన రెక్కలు

బీడీ కార్మికులకు కట్టిన విడీ ఘర్కుల్ కాలనీలో మా కిటికీలకు పావురాలు రాకుండా వల కట్టించమని కోడలు పోరుతుంటే, ఆ వల దారాన్ని వేళ్ల మధ్య నలిపి చూస్తూ నేను మనసులో భవాని పేట్‌లోని మా పాత డాబా మీదికి వెళ్లిపోయాను.

మా తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎనభైలలో ఆ పేటలో మగ్గాల చప్పుడు ఎంతో, పావురాల రెక్కల చప్పుడూ అంతే. మాది చద్దర్లు నేసే కార్ఖానా. మా పావురాల రెక్కల కొసలకు గుర్తుగా చద్దర్ల ఎర్రరంగే అద్దేవాళ్లం. పండరీపురం వెళ్లే లారీలో పంపి దారిలో వదిలించినా, మబ్బు పట్టిన రోజున కాసేపు తచ్చాడేవేమో గాని, ఎండ ఉంటే సూర్యుణ్ణి పట్టుకుని వచ్చినట్టు నేరుగా మా డాబా మీదే వాలేవి. కార్ఖానా మూతపడి, ఇల్లు పరాయివాళ్ల పాలై, కొద్ది వీధుల అవతల రేకుల గదికి మారినప్పుడు నాన్న పట్టుబట్టి వెంట తెచ్చుకున్నది వాటినే.

కొత్త చోటికి తెచ్చిన పావురానికి ఆ కప్పు అలవాటయ్యేదాకా పడుగు దారంతో రెక్కలు కట్టి ఉంచడం మా పేట పద్ధతి. నాన్న కట్టాడు గాని, అవి నేల మీద గెంతుతుంటే చూడలేక తొందరపడి విప్పేశాడు.

"మనయి మనల్ని ఇడ్సిపెట్టి ఏడికి పోతయి?" అన్నాడు.

అవి ఒక చుట్టు తిరిగి పాత డాబా మీద వాలాయి.

ఎవరి కప్పు మీద వాలితే పావురం వారిదే, అది పేట కట్టుబాటు. అయినా ఇల్లు కొన్నాయన తీసుకుపొమ్మని కబురు పంపాడు. నాన్న కదల్లేదు. రోజూ రేకుల మీద నిలబడి గొంతు పోయేదాకా పిలిచేవాడు. అవి మా నెత్తి మీదుగా వెళ్లేవే గాని దిగేవి కావు. ఆయన తిండి మానేశాడు.

"జర పోయి తెచ్చుకోండ్రి, అండ్ల శరం ఏముంది?" అని అమ్మ ఏడ్చింది.

"నా గడపకు నేనే సుట్టం లెక్క పోవాల్నా?"

చివరికి అమ్మే బుట్ట పట్టుకుని బయలుదేరితే, నాన్న ఆపి, రొట్టెలకని దాచిన జొన్నలన్నీ అందులో పోశాడు.

"పట్కరాకు. ఇవి ఆడ సల్లి రా. మనయి పరాయోళ్ల గింజలు తిన్నయనే మాట మనకొద్దు."

ఆ పూట మా పొయ్యి వెలగలేదు. ఆయన మాటలో తప్పు మాత్రం నాకు ఇప్పటికీ కనిపించదు.

నాన్న పోయేవరకు ఆ వీధి తొక్కలేదు, పనికి చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఇప్పుడు ఆ డాబా లేదు, మగ్గాల చప్పుడూ పలచబడింది. భవాని పేట్‌లో ఆటో దిగితే మా ఇల్లు ఎక్కడుండేదో నేనే ఎవరినైనా అడగాలి, అడగను. వల కట్టడానికి రేపు మనిషి వస్తాడట. కిటికీ మీద ఏ పావురం వాలినా, దాని రెక్కల కొసలు చూడటం మాత్రం మానలేకపోతున్నాను.